ఎండోస్కోపీకి వెళ్లే ముందు: రోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పరీక్ష నేను రెండుసార్లు చేయించుకున్నాను. ఆసుపత్రికి మాత్రం మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి మంచం దాకా రానివ్వకుండానే వెనక్కి పంపారు. ఎందుకో కింద చెబుతాను. అప్పటి నుంచి తెలిసినవాళ్లు ఎవరు ఎండోస్కోపీకి వెళ్తున్నా ముందు నాకు ఫోను చేసి సందేహాలు అడుగుతున్నారు. వాళ్లు అడిగినవే ఇక్కడ రాశాను. నాకు అర్థమైనంతలో ఈ పరీక్షకు కావలసింది ధైర్యం కాదు. ఖాళీ కడుపు, దాపరికం లేని నోరు ఉంటే చాలు. మీ ఆసుపత్రివాళ్లు ఇచ్చిన సూచనల కాగితంలో వేరే విధంగా ఉంటే ఆ కాగితాన్నే పాటించండి.

ఈ పరీక్షలో ఎంతవరకు చూస్తారు?

నోటి గుండా వంగే గొట్టాన్ని పంపి అన్నవాహిక, జీర్ణాశయం, చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలం వరకు చూస్తారు. గొట్టం మందం సుమారు 9 నుంచి 10 మిల్లీమీటర్లు, అంటే చిటికెన వేలికన్నా సన్నం. దాని కొసన కెమెరా, దీపం ఉంటాయి. గాలి ఊదడానికి, నీళ్లు చిమ్మడానికి, లోపలి ద్రవాన్ని పీల్చడానికి, సన్నని పనిముట్లు పంపడానికి లోపల దారులు ఉంటాయి.

కాలేయం, పిత్తాశయం, పెద్దపేగు ఇందులో కనిపించవు. ‘ఎండోస్కోపీలో అంతా బాగుందన్నారు, నెల తిరక్కుండా పిత్తాశయంలో రాళ్లు ఎలా బయటపడ్డాయి?’ అని ఒకాయన నాతో వాదనకు దిగారు. ఆ రాళ్లు ఈ దారిలో లేవు మరి.

ఎన్ని గంటల ముందు నుంచి తినకూడదు?

మామూలుగా ఘనాహారం ఆపి కనీసం 6 గంటలు కావాలి. నూనె, కొవ్వు దండిగా ఉన్న భోజనమైతే 8 గంటలు. పరీక్ష పొద్దున ఉంటే ముందు రాత్రి తేలికగా, పెందలాడే తినేసి, అర్ధరాత్రి దాటాక ఏమీ ముట్టకుండా ఉంటే లెక్కలు వేసుకునే పని ఉండదు.

దీనికి కారణాలు రెండు. కడుపులో మెతుకులు ఉంటే వాటి కింద ఉన్న పుండు కనిపించదు. అప్పుడు పరీక్ష చేసీ ప్రయోజనం లేదు. రెండోది అసలైన ప్రమాదం. గొంతు మొద్దుబారి, మత్తులో ఉన్నప్పుడు వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. మెలకువలో ఉన్న మనిషికి దగ్గు వచ్చి కాపాడుతుంది. మత్తులో ఆ కాపలా ఉండదు.

నేను చేసిన తప్పు ఇక్కడే. పరీక్ష 9 గంటలకు. ‘ఏమైనా తిన్నారా?’ అని నర్సు అడిగితే లేదన్నాను, అది నిజమే. ‘ఏమైనా తాగారా?’ అన్నారు. 7 గంటలకు సగం గ్లాసు కాఫీ తాగానన్నాను. ‘పాలు పోసినదేనా?’ అన్నారు. అవునన్నాను. ఆవిడ పెన్ను మూత పెట్టేసి, నా ఫైలు పక్కన పెట్టి, మళ్లీ ఏ రోజు వస్తారని అడిగారు. పాలు కడుపులోకి వెళ్లగానే విరిగి గడ్డకడతాయి. అందుకే ఉపవాసం లెక్కలో అవి తాగేవి కావు, తినేవి. వాటికీ 6 గంటలు ఆగాల్సిందే. ఆ రోజు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిడ మూడో ప్రశ్న కూడా అడగడం నా అదృష్టం.

మంచినీళ్లు కూడా తాగకూడదా?

చాలాచోట్ల పరీక్షకు 2 గంటల ముందు వరకు నీళ్లు, పాలు లేని టీ, గుజ్జు లేకుండా వడకట్టిన పండ్లరసం వంటి తేట ద్రవాలు తాగనిస్తారు. ఏది తేట, ఏది కాదు అని అనుమానం వస్తే గాజు గ్లాసులో పోసి వెనక ఒక కాగితం పెట్టండి. అక్షరాలు చదవగలిగితే అది తేట. కొన్ని ఆసుపత్రులు నీళ్లు కూడా ఇంకా ముందే ఆపమంటాయి. అప్పుడు వాళ్ల మాట వినండి.

పళ్లు తోముకోవచ్చు, పుక్కిలించి ఉమ్మేయాలి. చూయింగ్ గమ్, సిగరెట్టు, నమిలే పొగాకు ఆ రోజు పనికిరావు.

కొందరికి కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ఏళ్ల తరబడి షుగరు ఉన్నవారు, తిన్నది గొంతులోకి తిరిగి వస్తుందని చెప్పేవారు, అన్నవాహిక కింది కవాటం సరిగా తెరుచుకోని వ్యాధి ఉన్నవారు ఈ సంగతి ముందే చెప్పాలి. వాళ్లకు 6 గంటలు చాలకపోవచ్చు. ముందు రోజంతా ద్రవాహారం మీదే ఉండమని చెప్పవచ్చు.

కొలనోస్కోపీలో లాగా విరేచనాల మందు తాగాలా?

అక్కర్లేదు. అది పెద్దపేగు పరీక్షకు. రెండూ ఒకే రోజు చేస్తున్నారంటే మాత్రం తాగక తప్పదు. ఎండోస్కోపీకి కాస్త ముందు ఒక చిన్న కప్పులో నురగ తగ్గించే మందు ఇవ్వవచ్చు. కడుపు గోడల మీద బుడగలు పోయి కెమెరాకు బాగా కనిపించడానికి అది.

రోజూ వేసుకునే మాత్రల సంగతేమిటి?

బీపీ, గుండె, మూర్ఛ మందులు సాధారణంగా మానకూడదు. పొద్దునే ఒక గుటక నీళ్లతో వేసుకోమంటారు. ‘పరగడుపున ఉండమన్నారు కదా’ అని బీపీ మాత్ర మానేసి వచ్చి, అక్కడ బీపీ పెరిగి, పరీక్ష వాయిదా పడినవాళ్లు ఉన్నారు. కడుపు మంటకు తాగే తెల్లటి యాంటాసిడ్ ద్రవం మాత్రం ఆ రోజు వద్దు. అది కడుపు లోపల పూతలా అంటుకుని అసలు పొరను కప్పేస్తుంది.

నోటితో చెప్పే జాబితాలో ఎప్పుడూ ఒకటి రెండు పేర్లు ఎగిరిపోతాయి. మందుల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఆయుర్వేదం, హోమియో, బలానికి వేసుకునేవి, పక్కింటివాళ్లు ఇచ్చినవి, అన్నీ. ఏ మందు పడదో అది కూడా రాసిపెట్టుకోండి.

రక్తం పలచబరిచే మందులు వాడుతున్నాను. ఆపేయాలా?

మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపవద్దు. ఈ పేజీలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంటే చాలు. గుండెకు స్టెంటు వేసినవారు క్లోపిడోగ్రెల్ మాత్రను సొంతంగా మానేస్తే ఆ స్టెంటు మూసుకుపోవచ్చు. ఎండోస్కోపీలో కారే నాలుగు రక్తపు చుక్కలకన్నా అది ఎన్నో రెట్లు ప్రమాదం.

చూడటానికి, పరీక్ష కోసం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీయడానికి మాత్రమే అయితే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ సాధారణంగా కొనసాగించమంటారు. వార్ఫరిన్ వాడేవారికి ముందుగా రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేసి, అది ఉండాల్సిన హద్దుల్లో ఉందో లేదో చూస్తారు. అపిక్సబాన్, రివరోక్సబాన్, డాబిగట్రాన్ వంటి కొత్త మందులైతే ఆ పొద్దుటి మోతాదు ఒక్కటి వదిలేయమనడం మామూలు. ఇరుకైన అన్నవాహికను వెడల్పు చేయడం, పెద్ద పాలిప్‌ను, అంటే లోపలి పొర మీద పెరిగిన కండను, కోసి తీయడం వంటి పనులు ఉంటే లెక్క పూర్తిగా మారుతుంది. అప్పుడు కొన్ని మందులు చాలా రోజుల ముందే ఆపాల్సి రావచ్చు. ఆ నిర్ణయం మీ గుండె డాక్టరు, ఎండోస్కోపీ డాక్టరు కలిసి తీసుకోవాలి. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారో లేదో అడిగి తెలుసుకోవాల్సింది మీరే. వాళ్లే మాట్లాడుకుని ఉంటారులే అని ఊరుకోవద్దు. పరీక్ష తేదీ ఖాయమైన రోజే అడగండి, ముందు రోజు రాత్రి కాదు.

షుగరు ఉంది. ఉపవాసం ఉంటే పడిపోతానేమో?

ముందు పొద్దుటి మొదటి పరీక్ష మీకే ఇవ్వమని అడగండి, దాంతో సగం చిక్కు తీరుతుంది. తిండి లేకుండా మామూలు మోతాదులో మాత్ర గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటే షుగరు దిగిపోతుంది. ఆ పూట మాత్ర మానాలా, ఇన్సులిన్ ఎంత తగ్గించాలా అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. టైప్ 1 షుగరు ఉన్నవారు ఇన్సులిన్ పూర్తిగా మానేయడం ప్రమాదం.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడుతుంటే ప్రత్యేకంగా చెప్పండి. ఉపవాసంలో అవి రక్తంలో ఆమ్లాలు పేరుకునేలా చేయవచ్చు కాబట్టి కొన్ని రోజుల ముందే ఆపమనవచ్చు. సెమాగ్లూటైడ్, లిరాగ్లూటైడ్, డ్యులాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్లు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మదింపజేస్తాయి. బరువు తగ్గడానికి వీటిని తీసుకునేవారు చాలామంది ‘నాకు షుగరు లేదు కదా’ అని చెప్పకుండా ఊరుకుంటారు. చెప్పి తీరాలి. ముందు రోజంతా ద్రవాహారమే తీసుకోమంటారు లేదా ఇంజెక్షన్ వాయిదా వేయమంటారు.

దారిలో చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు 70 కన్నా తగ్గితే ఉపవాసం కోసం చూడవద్దు. తేట చక్కెర నీళ్లు తాగేయండి. వెళ్లాక ఎప్పుడు, ఎంత తాగారో చెప్పండి. మహా అయితే పరీక్ష కాస్త ఆలస్యం అవుతుంది.

గ్యాస్ మాత్రలు వేసుకుంటూ పోవచ్చా?

పరీక్ష ఎందుకు చేస్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది. కడుపులో పుళ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కోసం చూస్తుంటే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటి మాత్రలు 2 వారాల ముందు నుంచి, యాంటీబయాటిక్‌లు 4 వారాల ముందు నుంచి లేకుండా చూసుకుంటారు. ఇవి వాడుతుంటే బాక్టీరియా అణగి ఉండి, ఉన్నా లేనట్లు ఫలితం వస్తుంది. అయితే పుండు నుంచి రక్తం కారుతున్నవారికి ఆ మాత్ర ఆపడమే హాని. కాబట్టి ఇది కూడా అడిగి చేయాల్సిన పనే.

పుళ్లన్నీ దిగులు వల్ల, కారం వల్ల వస్తాయని వైద్యులే నమ్మిన కాలం ఒకటి ఉండేది. బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకుని, తన కడుపుకు ఎండోస్కోపీ చేయించుకుని చూపించారు. 2005లో ఆయనకూ, ఆయనతో కలిసి ఆ బాక్టీరియాను కనిపెట్టిన రాబిన్ వారెన్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది. మనం ఒక గొట్టానికి భయపడుతున్నప్పుడు ఆయనను తలుచుకుంటే కాస్త సిగ్గేస్తుంది.

గోధుమలు పడవేమోనని చూడటానికి ఎండోస్కోపీ అన్నారు. ముందే మానేశాను, మంచిదే కదా?

మంచిది కాదు. సీలియాక్ వ్యాధిలో గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు పొర దెబ్బతింటుంది. మానేస్తే ఆ పొర కోలుకోవడం మొదలవుతుంది, తీసిన ముక్కలో జబ్బు దొరకదు. పరీక్ష అయ్యేదాకా మామూలుగా తింటూనే ఉండాలి. మానేసి చాలాకాలమైతే ఆ మాట డాక్టరుకు చెప్పండి.

మత్తు ఇస్తారా? గొంతులో స్ప్రేతో సరిపోతుందా?

రెండూ వాడుకలో ఉన్నాయి. నాకు మొదటిసారి స్ప్రే మాత్రమే, రెండోసారి మత్తు.

స్ప్రేలో ఉండేది లిగ్నోకెయిన్. చేదుగా ఉంటుంది. నిమిషంలో నాలుక దళసరెక్కి, గుటక ఎక్కడ పడుతోందో తెలియకుండా పోతుంది. ‘మింగలేకపోతున్నాను, ఏదో అయిపోయింది’ అని అక్కడ చాలామంది కంగారు పడతారు. మింగగలుగుతారు, తెలియదంతే. దీనిలో లాభం ఏమిటంటే లేచి మీ కాళ్ల మీద మీరు నడిచి వెళ్లిపోవచ్చు. ఆ రోజు పని కూడా చెడదు. ఓకరింతలు మాత్రం తప్పవు.

మత్తు ఇంజెక్షన్ చేతి నరంలోకి ఇస్తారు. మిడజోలమ్ వంటిదైతే మాటలకు పలుకుతూనే ఉంటారు, తరువాత ఏదీ గుర్తుండదు. ప్రొపోఫోల్ ఇస్తే నిద్రే. దానికి మత్తు వైద్యుడు పక్కన ఉండటం ఎక్కువచోట్ల పద్ధతి. గురక పెట్టేవారు, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారు, ఆస్తమా ఉన్నవారు, ఇదివరకు మత్తు పడనివారు, మద్యం ఎక్కువగా తాగేవారు ఈ సంగతులు దాచకూడదు. ఇంట్లోవాళ్ల ముందు చెప్పుకోలేనివి ఉంటే వాళ్లను బయటికి పంపి చెప్పండి.

నన్నడిగితే, మెడ వెనక నుంచి వేలు పడితేనే ఉలిక్కిపడే మనిషి మత్తు తీసుకోవడం మేలు. స్థిమితంగా పడుకోగలిగేవారికి స్ప్రే చాలు.

గొట్టం లోపల ఉంటే ఊపిరి ఎలా ఆడుతుంది?

అందరి భయమూ ఇదే. గొట్టం వెళ్లేది అన్నం వెళ్లే దారిలో. గాలి వెళ్లే దారి దాని ముందు వేరుగా ఉంటుంది, అది తెరిచే ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ సరిగా ఉందో లేదో చూడటానికి మీ వేలికి ఒక క్లిప్పు పెడతారు, ముక్కు దగ్గర ఆక్సిజన్ కూడా ఉంచవచ్చు.

ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడతారు. పళ్ల మధ్య బొమ్మ ఉంగరం లాంటి ప్లాస్టిక్ ముక్క పెడతారు, గొట్టాన్ని కొరకకుండా. గొట్టం నాలుక దాటే చోట ‘మింగండి’ అంటారు. ఆ రెండు మూడు క్షణాలే కష్టం. ఒకసారి కిందికి జారాక ఇక చేయాల్సింది ఏమీ చేయకపోవడమే. చొంగ కారుతుంది, కారనివ్వండి. మింగబోతే పొలమారుతుంది. సిగ్గుపడాల్సిన పని లేదు, చెంప కింద గుడ్డ వేసింది దానికే. లోపల గాలి నింపుతారు కాబట్టి కడుపు ఉబ్బినట్లుండి తేన్పులు వస్తాయి. నర్సు ‘ముక్కుతో, ముక్కుతో’ అంటూనే ఉన్నారు. నేను ఎదురుగా గోడ మీది స్విచ్చుబోర్డులో స్విచ్చులు లెక్కపెట్టుకుంటూ ముక్కుతో గాలి పీల్చాను. ఏడు స్విచ్చులు. చాలాసార్లు లెక్కపెట్టాను.

ముందు రోజు ఇంట్లో ఒక పని చేసి చూడండి. ఎడమ పక్కకు పడుకుని, నోరు తెరిచి ఉంచి, ముక్కుతో మాత్రమే నెమ్మదిగా అయిదు నిమిషాలు ఊపిరి తీసి వదలండి. మొదట రాదు, కాసేపటికి అలవాటవుతుంది. ఇక ఆపాల్సిందే అనిపిస్తే ఏ సైగ చేయాలో గొట్టం పెట్టకముందే అడిగి ఉంచుకోండి.

1868లో కుస్మాల్ అనే జర్మన్ వైద్యుడు కడుపులోకి చూడటానికి తిన్నని లోహపు గొట్టం వాడారు. దాన్ని మింగడానికి కత్తులు మింగే గారడీవాణ్ణి పిలిపించాల్సి వచ్చింది. 1957లో బేసిల్ హిర్షోవిట్జ్ గాజు తంతువులతో చేసిన వంగే గొట్టాన్ని ముందు తానే మింగి చూశారు. మన వంతు వచ్చేసరికి పని చాలా తేలికైందన్నమాట.

ఎంతసేపు పడుతుంది?

లోపల గొట్టం ఉండేది 5 నుంచి 15 నిమిషాలు. కాగితాలు, ఎదురుచూపులు, మత్తు దిగడం కలిపితే సగం రోజు అనుకోండి. ‘రెండు నిమిషాల్లో అయిపోతే బాగుండు’ అని అనుకోవద్దు. కడుపు మడతలన్నీ విప్పి చూడటానికి సమయం పడుతుంది.

ఏం వేసుకుని వెళ్లాలి? ఏం తీసేయాలి?

మెడ దగ్గర బిగుతు లేని బట్టలు. గోళ్ల రంగు తీసేయండి, వేలి క్లిప్పుకు అడ్డం. కట్టుడు పళ్లు, కళ్లజోడు, నాలుకకు పెట్టుకున్న నగ ఉంటే అక్కడ తీసేయాలి. కదిలే పన్ను ఉంటే వేలితో చూపించి చెప్పండి. గుండెలో పేస్‌మేకర్ ఉంటే దాని కార్డు తీసుకెళ్లండి. పాత రిపోర్టులు మరవద్దు.

అంగీకార పత్రం ముందే ఇస్తే ఇంట్లో చదువుకోండి. మంచం మీద పడుకుని సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు.

తోడు తప్పనిసరా?

స్ప్రే మాత్రమే అయితే లేకపోయినా నడుస్తుంది. మత్తు తీసుకుంటే తోడు లేకుండా చాలాచోట్ల పరీక్షే మొదలుపెట్టరు. 24 గంటలు బండి నడపకూడదు, యంత్రాల దగ్గర పని చేయకూడదు, మద్యం ముట్టకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకం పెట్టకూడదు. మీకు అంతా బాగానే ఉన్నట్లు అనిపిస్తుంది, చిక్కు అదే. మత్తు దిగాక డాక్టరు చెప్పినదానికి నేను బుద్ధిగా తలాడించానట. ఇంటికొచ్చి ‘డాక్టరు రానే లేదేమిటి?’ అని అడిగాను. తోడు వచ్చినవాళ్ల చేత రాయించి ఉంచడం మంచిది.

ముక్క తీశారంటే కేన్సరనేనా?

కాదు. బాక్టీరియా ఉందా, వాపు ఏ రకం, సీలియాక్ ఉందా అని తెలియడానికి కూడా ముక్క తీస్తారు. మామూలుగా కనిపించే చోటు నుంచీ తీస్తారు. ముక్క కొన్ని మిల్లీమీటర్లే. కడుపు లోపలి పొరకు కోస్తే నొప్పి తెలియదు కాబట్టి ఏమీ అనిపించదు. కంటికి కనిపించినది అదే రోజు చెబుతారు, ముక్క ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది.

జలుబు, నెలసరి, గర్భం: వాయిదా వేయాలా?

నెలసరికి అక్కర్లేదు. జ్వరం, గట్టి దగ్గు ఉంటే ఫోను చేసి అడగండి. గర్భవతులకు అత్యవసరమైతే తప్ప చేయరు. అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. పాలిచ్చే తల్లులు మత్తు మందు గురించి అడిగి తెలుసుకోవాలి.

ఎప్పుడు తినవచ్చు?

గొంతు మొద్దు పూర్తిగా వదిలాక, అంటే సుమారు గంట తరువాత. ముందు ఒక గుటక చల్లని నీళ్లు. పొలమారకుండా దిగితే మెత్తటి ఆహారం. వేడివి అప్పుడే వద్దు, నాలుక కాలినా తెలియదు.

ఇంటికొచ్చాక దేనికి కంగారు పడాలి, దేనికి అక్కర్లేదు?

గొంతు గరగర, ఉబ్బరం, తేన్పులు ఒకటి రెండు రోజుల్లో పోతాయి. ముక్క తీసినచోటి నుంచి ఉమ్మిలో కాస్త ఎర్రచార కనిపించినా భయం లేదు. పెద్ద ప్రమాదాలు చాలా అరుదు. అయినా ఇవి కనిపిస్తే మర్నాటి దాకా ఆగవద్దు: రక్తపు వాంతి, తారులా నల్లటి జిగట విరేచనం, తగ్గకుండా పెరుగుతున్న కడుపునొప్పి లేదా ఛాతీనొప్పి, జ్వరం, ఆయాసం, గుటక పడకపోవడం, మెడ దగ్గర చర్మం ఉబ్బి నొక్కితే కరకరమనడం. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లి, ఎండోస్కోపీ ఎప్పుడు అయిందో మొదటి మాటగా చెప్పండి. ఐరన్ మాత్రలు వాడేవారికి విరేచనం ఎలాగూ నల్లగానే ఉంటుంది. ఆ మాట కూడా కలిపి చెప్పండి, లేకపోతే అక్కడివాళ్లు పొరబడతారు.